మొండికేసిన టార్చిలైటును విప్పి, ఎల్‌ఈడీ, డ్రైవర్ మార్చే పద్ధతి

పాత టార్చిలైటులో మంచి ఎల్‌ఈడీ వేసుకోవచ్చునని తెలిసిన వారిలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతున్నారు. తల భాగం ఊడిరాదు, బలంగా తిప్పితే గొట్టం సొట్టపడుతుంది, చివరికి వస్తువు పక్కన పడిపోతుంది. అలాంటి టార్చిలైటును ఎలా విప్పాలని అడిగే ప్రతివారికీ నేను ముందుగా చెప్పేది, దాన్ని పట్టి ఉంచినది ఏదో తేల్చుకోకుండా బలం పెట్టవద్దని. జిగురు పట్టిన మరకు వేడి కావాలి, తుప్పు పట్టిన మరకు నూనె, ఓపిక కావాలి, ఒత్తి దిగవేసిన భాగాన్ని ఎంత తిప్పినా ప్రయోజనం ఉండదు.

ఈ వివరణకు ఉదాహరణగా ఒక 18650 సైజు లిథియం అయాన్ సెల్లుతో నడిచే, తల వ్యాసం సుమారు 24 మి.మీ. ఉన్న అల్యూమినియం టార్చిలైటును తీసుకుంటున్నాను. ఇలాంటి వాటిలో ఎల్‌ఈడీని, దానికి వెళ్లే కరెంటును అదుపు చేసే చిన్న సర్క్యూట్ బోర్డును, అంటే డ్రైవర్‌ను, మోసే ఇత్తడి దిమ్మ ఒకటి ఉంటుంది, దాన్ని పిల్ అంటారు. దాని కింది వైపు 17 మి.మీ. వ్యాసం గల డ్రైవర్, పై వైపు ఎల్‌ఈడీ అతికించిన బిళ్ల ఉంటాయి. పెద్ద సెల్లులతో నడిచే పాత రకాల సంగతి 5వ భాగంలో ఉంది.

1. విప్పడానికి ముందు తేల్చుకోవలసినవి

టార్చిలైటు ఒళ్లు లోహమా, ప్లాస్టిక్కా అన్నది మొదట చూడాలి. ప్లాస్టిక్ ఒంటికి వేడిని బయటికి పంపే శక్తి ఉండదు కనుక అందులో ఎక్కువ కరెంటు లాగే ఎల్‌ఈడీ వేస్తే అది కొద్ది కాలంలోనే మసకబారుతుంది. ప్లాస్టిక్ టార్చిలకు స్విచ్చి శుభ్రం చేయడం, మంచి సెల్లు వేయడం వరకే చాలు. ఇక్కడ చెప్పబోయే పని లోహపు ఒంటి వాటికే.

తరువాత మీకు నిజంగా కావలసినది ఎక్కువ వెలుగా, మెరుగైన రంగు వెలుగా, ఎక్కువసేపు నిలిచే వెలుగా అన్నది నిర్ణయించుకోండి. ఈ మూడింటికీ మార్చవలసిన భాగాలు వేరు. వెలుగు మిణుకుమంటోందన్న ఒక్క కారణంతో తల విప్పనవసరం లేదు, ఆ లోపం చాలాసార్లు వెనుక మూతలోని స్విచ్చిలోనో, మర అంచుల మీది మురికిలోనో ఉంటుంది.

2. సిద్ధం చేసుకోవలసిన సామగ్రి

- పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రెండు రబ్బరు పట్టీలు, లేదా పట్టీ రెంచి
- చెక్క దిమ్మలు అమర్చిన బెంచి వైస్
- గొట్టంలో సరిగ్గా పట్టే, సుమారు 18 మి.మీ. మందమున్న గుండ్రటి కర్ర ముక్క
- హీట్ గన్, వేడిని తట్టుకునే చేతి తొడుగులు, కళ్లద్దాలు
- మొన సన్నగా ఉండే సర్క్లిప్ ప్లేయర్, లేదా నోస్ ప్లేయర్
- 60 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న సన్నని సోల్డర్ తీగ, సోల్డర్ బాగా అంటుకునేలా చేసే ఫ్లక్స్, సోల్డర్ పీల్చే రాగి జడ
- మల్టీమీటర్, 3 వోల్టుల నాణెం సెల్లు
- థర్మల్ పేస్టు, వేడికి కాలని పసుపుపచ్చ కాప్టన్ టేపు, సిలికాన్ గ్రీజు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, దూది పుల్లలు
- కొలతలకు వెర్నియర్ కాలిపర్

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో సోల్డరింగ్ సామగ్రి, మల్టీమీటర్ దొరుకుతాయి. ఎల్‌ఈడీ, డ్రైవర్ మాత్రం పాతవాటిని బయటికి తీసి కొలిచిన తరువాతే కొనండి. కొలవకముందే తెప్పించిన భాగాలు పట్టకపోవడం ఈ పనిలో అన్నిటికంటే తరచుగా జరిగే నష్టం.

3. ఏది పట్టి ఉంచిందో గుర్తించడం

సెల్లును బయటికి తీసి దూరంగా పెట్టండి. లిథియం అయాన్ సెల్లు లోపల ఉండగా టార్చిలైటును వేడి చేయడం, వైస్‌లో బిగించడం అత్యంత ప్రమాదకరం, అది మంటలకు దారి తీయవచ్చు. ఈ ఒక్క విషయంలో మినహాయింపు లేదు.

ఇప్పుడు మంచి వెలుతురులో భూతద్దంతో అతుకులన్నీ చూడండి. టార్చిలైటు సాధారణంగా మూడు చోట్ల విడిపోతుంది: వెనుక మూత, గొట్టానికీ తలకూ మధ్య, ముందు గాజును పట్టి ఉంచే కట్టు. అతుకు వెంట ఎర్రటి, నీలపు లేదా తెల్లటి ఎండిన చార కనిపిస్తే అది మరలకు పూసిన జిగురు. తెల్లటి, బూడిదరంగు పొడి ఉబికి ఉంటే అది అల్యూమినియం తుప్పు. ఇవేవీ కనిపించకుండా, తిప్పినప్పుడు కొంచెం కదిలి రబ్బరులా వెనక్కి లాగుతుంటే ఎండిపోయిన రబ్బరు వలయమే పట్టి ఉంచిందని అర్థం.

అతుకే కనిపించని చోట విప్పడానికి ప్రయత్నించకండి. కొన్ని టార్చిలలో తల, గొట్టం ఒకే లోహపు కడ్డీ నుంచి తొలిచినవి, వాటిని ముందు కట్టు వైపు నుంచి మాత్రమే తెరవాలి. ఇది గమనించక తలనూ గొట్టాన్నీ రెండు వైపులా పట్టి మెలిపెట్టేవారు ఎక్కువ.

4. జిగురు పట్టిన తలను విప్పే వరుస

మరలు దాదాపు అన్నీ కుడిచేతి మరలే కనుక విప్పేటప్పుడు అపసవ్య దిశలో, అంటే గడియారపు ముల్లుకు ఎదురుగా తిప్పాలి.

మొదటి మెట్టు ఉట్టి చేతులతో. రెండు భాగాలకూ సైకిల్ ట్యూబు పట్టీలు చుట్టి, తొడుగులు లేని చేతులతో పట్టుకుని, మొదట కొద్దిగా బిగించే దిశలోనూ తరువాత విప్పే దిశలోనూ తిప్పండి. ఎండిన జిగురు పొర విరగడానికి ఈ చిన్న బిగింపు చాలాసార్లు ఉపయోగపడుతుంది. నీలపు రంగు మధ్యరకం జిగురు, ఉదాహరణకు లాక్‌టైట్ 243 వంటిది, చేతి పనిముట్లకు లొంగేలా తయారు చేసినదే.

అది కదలకపోతే వేడి. హీట్ గన్‌ను తక్కువ వేడి మీద పెట్టి, అతుకు చుట్టూ సమానంగా తిప్పుతూ రెండు మూడు నిమిషాలు కాచండి. లోహం మీద నీటి చుక్క వేస్తే చిటపటలాడి ఆవిరైతే 100 డిగ్రీలు దాటిందని తెలుస్తుంది. సాధారణ నైట్రైల్ రబ్బరు వలయాలు 100 నుంచి 120 డిగ్రీల దగ్గర చెడిపోవడం మొదలుపెడతాయి కనుక అంతకు మించి పోనివ్వకుండా, వేడి చేయడం, తిప్పడం, చల్లారనివ్వడం అనే వరుసను మళ్లీ మళ్లీ చేయడమే మంచిది. ఎర్రటి గట్టి జిగురు మెత్తబడాలంటే సుమారు 250 డిగ్రీలు కావాలి. ఆ వేడికి రబ్బరు, ప్లాస్టిక్ భాగాలేవీ మిగలవు, కాబట్టి అలాంటి తలను వదిలి ముందు కట్టు వైపు నుంచి తెరవగలమేమో చూడాలి.

వేడి ఇక్కడ రెండు పనులు చేస్తుంది. జిగురును మెత్తబరుస్తుంది, వెలుపలి భాగాన్ని కొద్దిగా పెంచుతుంది. 25 మి.మీ. వ్యాసమున్న అల్యూమినియం వలయం 100 డిగ్రీల వేడి పెరిగితే సుమారు 0.06 మి.మీ. పెరుగుతుంది. మరల మధ్య పట్టు సడలడానికి ఈ కొంచెమే చాలు, కానీ లోపలి భాగం కూడా అంతే వేడెక్కితే ఈ లాభం పోతుంది. అందుకే వేడిని వెలుపలి భాగానికే ఇచ్చి, వెంటనే తిప్పాలి.

హీట్ గన్ లేనివారు తలను మందపాటి జిప్ కవరులో పెట్టి, గాలి తీసి మూసి, పొయ్యి ఆపిన మరుగునీటిలో ఐదు నిమిషాలు ఉంచవచ్చు. బయటికి తీసిన వెంటనే చన్నీళ్లలో ముంచకండి, గాజు పగులుతుంది. పొయ్యి మంట మీద నేరుగా కాల్చడం మాత్రం వద్దు, వేడి ఒకే చోట పడి పైపూత రంగు మారుతుంది.

అప్పటికీ రాకపోతే వైస్. ఇక్కడ చాలామంది చేసే తప్పు బోలు గొట్టాన్ని పట్టకారుతోనో వైస్‌తోనో నొక్కడం. నొక్కిన గొట్టం గుండ్రదనం కోల్పోయి కోలగా మారుతుంది, దాంతో లోపలి మర మరింత బిగుసుకుంటుంది. గొట్టంలో కర్ర ముక్కను దిగవేసి, అతుకుకు దూరంగా, చెక్క దిమ్మల మధ్య పట్టు జారనంత మేరకే బిగించి, తలకు పట్టీ రెంచి వేసి నిదానంగా, బలం పెంచుతూ తిప్పండి. గొలుసు రెంచి, సుత్తి ఈ పనికి వద్దు.

5. తుప్పు పట్టినవి, సెల్లు కారినవి

రెండు లేదా మూడు పెద్ద సెల్లులతో నడిచే పాత టార్చిలలో అసలు శత్రువు కారిన రసాయనం. ఆల్కలైన్ సెల్లులలో ఉండేది పొటాషియం హైడ్రాక్సైడ్, అది క్షారం కనుక దానికి వెనిగర్ లేదా నిమ్మరసం పనిచేస్తుంది. మామూలు జింకు కార్బన్ సెల్లులలోని రసాయనం ఆమ్ల స్వభావం గలది కనుక దానికి నీటిలో కలిపిన వంటసోడా వాడాలి. ఏ సెల్లు కారిందో చూడకుండా ఒకటే మందు పోయడం వల్ల శుభ్రం కావలసినది కాక లోహమే మరింత దెబ్బతింటుంది.

తొడుగులు, కళ్లద్దాలు వేసుకుని, దూది పుల్లతో అద్ది, పొంగు ఆగేదాకా ఉంచి, మంచినీటితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. తరువాత అతుకు వెంట డబ్ల్యూడీ-40 వంటి చొచ్చుకుపోయే నూనె వేసి రాత్రంతా నిలబెట్టి ఉంచండి. మరునాడు చెక్క సుత్తితో అతుకు చుట్టూ మెల్లగా తట్టుతూ తిప్పండి. తుప్పుకు నూనె పనిచేసినట్లు జిగురుకు పనిచేయదు, కనుక 4వ భాగంలోని తలకు నూనె పోసి కాలం వృథా చేయకండి.

ఉబ్బి గొట్టంలో ఇరుక్కున్న సెల్లును తల వైపు నుంచి కర్రతో నెట్టవచ్చు. దాన్ని తొలచడం, పొడవడం చేయకూడదు. లోపల ఉన్నది లిథియం సెల్లయితే, అది ఉబ్బి ఇరుక్కుపోతే, ఆ టార్చిలైటును వదులుకోవడమే క్షేమం.

6. తల లోపలి భాగాలను తీసే క్రమం

తల విడిపోయాక తొందరపడకండి. ప్రతి భాగాన్నీ తీసిన వరుసలోనే తెల్లటి గుడ్డ మీద పేర్చుతూ, ఒక్కో దశలో ఫోనుతో ఫొటో తీసుకోండి. వలయాల వరుస తారుమారైతే వెలుగు పుంజం చెడిపోతుంది.

1. ముందు కట్టును విప్పి, గాజును, దాని వెనుక రబ్బరు వలయాన్ని తీయండి.
2. తలను బోర్లించి రిఫ్లెక్టర్‌ను అరచేతిలోకి జారనివ్వండి. దాని లోపలి మెరుపు చాలా పల్చని అల్యూమినియం పూత, గుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి, అసిటోన్ తగిలితే పోతుంది. దుమ్ము ఉంటే రబ్బరు ఊదుడు గుండుతో ఊదండి, అంతకు మించి ముట్టుకోవద్దు.
3. ఎల్‌ఈడీ చుట్టూ ఉన్న తెల్లటి ప్లాస్టిక్ వలయాన్ని తీసి భద్రపరచండి. అది ఎల్‌ఈడీని నడిమధ్యలో నిలుపుతుంది, రిఫ్లెక్టర్ లోహం తీగలకు తగలకుండా కాపాడుతుంది.
4. ఎరుపు, నలుపు తీగల సోల్డర్ కరిగించి విడదీయండి. బిళ్ల జిగురుతో అంటుకుని ఉంటే పిల్‌ను కొంచెం వేడి చేసి పక్కకు మెలిపెట్టండి, మీదికి ఎత్తితే వంగుతుంది.
5. పిల్ కింది వైపు రెండు గాట్లున్న వలయం ఉంటే సర్క్లిప్ ప్లేయర్ మొనలు ఆ గాట్లలో పెట్టి విప్పండి. ప్లేయర్ జారితే డ్రైవర్ మీది చిన్న భాగాలు తెగిపోతాయి, కనుక డ్రైవర్ మీద మందపాటి అట్టముక్క కప్పండి.
6. వలయం లేకుండా అంచు చుట్టూ సోల్డర్ చుక్కలుంటే, ఫ్లక్స్ రాసి రాగి జడతో ఒక్కో చుక్కను పీల్చివేయండి. ఇత్తడి దిమ్మ వేడినంతా లాగేసుకుంటుంది కాబట్టి 25 వాట్ల చిన్న ఐరన్ ఇక్కడ చాలదు.
7. వలయమూ సోల్డరూ లేకపోతే అది ఒత్తి దిగవేసిన డ్రైవర్. పై వైపు తీగల రంధ్రంలోంచి మొద్దు మొన గల పుల్లతో, అంచు దగ్గర నుంచి మెల్లగా నెట్టండి.

ఇప్పుడు కొలవండి: బిళ్ల వ్యాసం, మందం, డ్రైవర్ వ్యాసం, రిఫ్లెక్టర్ అడుగు రంధ్రం. ఈ నాలుగు అంకెలు లేకుండా ఏమీ కొనవద్దు.

7. ఏ భాగాన్ని దేనితో మార్చాలి

ముందు వేడి దారి గురించి ఆలోచించండి, తరువాతే ఎల్‌ఈడీ. మామూలు అల్యూమినియం బిళ్లలో ఎల్‌ఈడీ అడుగుకూ లోహానికీ మధ్య విద్యుత్తును ఆపే పొర ఉంటుంది, అది వేడిని కూడా అడ్డుకుంటుంది. ఎల్‌ఈడీ మధ్య అడుగు నేరుగా రాగికే సోల్డర్ అయ్యే రకం రాగి బిళ్లలు దొరుకుతాయి. ఒక్క మార్పే చేయగలిగితే నేను మొదట ఈ బిళ్లనే మార్చమంటాను.

ఎల్‌ఈడీ విషయంలో రెండు కొలతలు కలవాలి. ఒకటి అడుగు పరిమాణం: ఎక్స్‌ఎం-ఎల్2, ఎస్‌ఎఫ్‌టీ-40 వంటివి 5 మి.మీ. చదరం, నిచియా 519ఏ, ఎస్‌ఎస్‌టీ-20, శామ్‌సంగ్ ఎల్‌హెచ్351డీ వంటివి 3.5 మి.మీ. చదరం. ఒకదాని బిళ్ల మరొకదానికి పట్టదు. రెండవది వోల్టేజి: ఇవన్నీ 3 వోల్టుల తరగతివి, కానీ క్రీ ఎక్స్‌హెచ్‌పీ50 మొదటి తరం 6 లేదా 12 వోల్టులది. ఒక్క సెల్లుకు చేసిన మామూలు డ్రైవర్‌తో అది వెలగదు.

నా అభిప్రాయంలో ఎక్కువ వెలుగు కంటే మంచి రంగు చూపే వెలుగే పనికొస్తుంది. రాత్రి పొలం గట్టు మీద ఎండుటాకులలో కదిలే పామును, ఎండు తీగను వేరు చేసి చూడాలంటే గోధుమ, ఎరుపు రంగులు సరిగా కనపడాలి. నీలపు ఛాయ ఉన్న చౌక తెలుపులో అవన్నీ ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. రంగుల నాణ్యతా సూచిక (సీఆర్‌ఐ) 90 దాటిన, వెలుగు ఛాయను తెలిపే అంకె 4000 నుంచి 4500 కెల్విన్ మధ్య ఉన్న ఎల్‌ఈడీని ఎంచుకోండి.

డ్రైవర్లలో సరళమైనది ఏఎంసీ7135 చిప్పులున్న రకం. ఒక్కో చిప్పు 350 మిల్లీ ఆంపియర్లు పంపుతుంది. ఎనిమిది చిప్పులుంటే 2.8 ఆంపియర్లు, నాలుగుంటే 1.4 ఆంపియర్లు. 2.8 ఆంపియర్ల దగ్గర ఎల్‌ఈడీ సుమారు 9 వాట్లు తీసుకుంటుంది, అందులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. 3000 మిల్లీ ఆంపియర్ గంటల సెల్లు ఆ లెక్కన సుమారు గంటసేపే వస్తుంది. 24 మి.మీ. తల గల చిన్న టార్చికి నాలుగు నుంచి ఆరు చిప్పులు చాలు. కరెంటు రెట్టింపైనా కంటికి వెలుగు రెట్టింపుగా కనపడదు.

8. కొత్త భాగాలను అమర్చడం

ఎల్‌ఈడీని బిళ్ల మీద పెట్టే ముందు నాణెం సెల్లుతో తాకించి వెలుగుతోందో, ఏ వైపు ధన ధ్రువమో చూసుకోండి. మసకగా వెలిగినా చాలు.

బిళ్ల మీద ఎల్‌ఈడీ కూర్చునే మూడు చోట్లా పల్చగా సోల్డర్ పూసి, ఫ్లక్స్ రాసి, ఎల్‌ఈడీని పెట్టి, బిళ్లను అడుగు నుంచి వేడి చేయండి. పైన చెప్పిన సోల్డర్ 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అది మెరిసి ద్రవమైనప్పుడు ఎల్‌ఈడీ తనంతట తానే సరైన స్థానానికి జరుగుతుంది. అప్పుడు అంచును పట్టకారు మొనతో సున్నితంగా ఒకసారి నొక్కి వదిలితే అదనపు సోల్డర్ బయటికి వస్తుంది. పైనున్న మెత్తటి సిలికాన్ గుమ్మటాన్ని తాకకూడదు. సీసపు సోల్డర్ వాడుతున్నందున కిటికీ తెరిచి పని చేయండి, తరువాత చేతులు కడుక్కోండి.

తీగల చోట్లకు సోల్డర్‌ను బిళ్ల బయట ఉన్నప్పుడే పూసిపెట్టుకుంటే, పిల్ మీద అమర్చాక అతికించడం తేలికవుతుంది. పిల్ పైభాగాన్ని గాజు పలక మీద పరిచిన 400, తరువాత 1000 నంబరు ఎమెరీ పేపరు మీద రుద్ది చదును చేసి, ఆల్కహాల్‌తో తుడవండి. థర్మల్ పేస్టును బియ్యపు గింజంత పెట్టి, బిళ్లను నొక్కి అటూ ఇటూ తిప్పితే పల్చగా పరుచుకుంటుంది. మందంగా పూస్తే వేడి దారికి అదే అడ్డవుతుంది. బిళ్లను నొక్కి ఉంచే మరగాని రిఫ్లెక్టర్ ఒత్తిడిగాని లేకపోతే పేస్టుకు బదులు థర్మల్ జిగురు వాడాలి.

అతికించిన సోల్డర్ గుబ్బలు రిఫ్లెక్టర్ అడుగుకు తగిలితే షార్ట్ అవుతుంది. గుబ్బలను వీలైనంత పల్చగా ఉంచి, వాటి మీద కాప్టన్ టేపు వేసి, తెల్లటి వలయాన్ని తిరిగి పెట్టండి.

మూసే ముందు లోపల మిగిలిన నూనె, ఫ్లక్స్, జిగురు ఆనవాళ్లన్నీ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక పూట ఆరనివ్వండి. మూసిన తలలో మిగిలిన ఇలాంటి పదార్థాల ఆవిరి సిలికాన్‌లోకి చేరి, ఎల్‌ఈడీని గోధుమరంగుకు మార్చుతుంది. ఈ కారణాన ముందు కట్టుకు సూపర్ గ్లూ వాడకండి.

9. మూయడం, పరీక్షించడం

- మరలను పాత గుడ్డతో తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. కొబ్బరినూనె వద్దు, అది చలికాలంలో గడ్డకట్టి, కాలక్రమంలో జిగటగా మారుతుంది.
- చిట్లిన రబ్బరు వలయాలను అదే కొలతవాటితో మార్చండి.
- మర అంచుల చదునైన లోహం మెరిసేలా తుడవండి, విద్యుత్తు అక్కడి నుంచే ప్రవహిస్తుంది. మరల మీది పైపూతను మాత్రం గీకవద్దు.
- మళ్లీ జిగురు పూయకండి. చేతి బిగింపు చాలు.

కరెంటు కొలవడానికి వెనుక మూత తీసి, మల్టీమీటర్ ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, ఒక మొనను సెల్లు రుణ ధ్రువానికి, మరొకటి గొట్టం అంచు లోహానికి తాకించండి. చిప్పుల లెక్కకు దగ్గరి అంకె రావాలి. సన్నని మీటరు తీగల వల్ల కొంచెం తక్కువ చూపడం సహజం. కొలిచిన వెంటనే ఎర్ర తీగను వోల్టుల రంధ్రానికి మార్చండి, మరిచిపోయి అలాగే సెల్లు వోల్టేజి కొలిస్తే నేరుగా షార్ట్ అవుతుంది.

10. తరచుగా వచ్చే లోపాలు, వాటి సవరణ

వెలుగు పుంజం మధ్యలో చీకటి రంధ్రం కనిపిస్తే ఎల్‌ఈడీ ఎత్తు రిఫ్లెక్టర్‌కు కుదరలేదని అర్థం. తెల్లటి వలయాన్ని పల్చనిదానితో మార్చి చూడండి, లేదా కట్టును కొంచెం సడలించి ఏ ఎత్తులో రంధ్రం పోతుందో గమనించి, ఆ మందానికి తగిన వలయం వేయండి.

తల బిగించేదాకా వెలిగి, పూర్తిగా బిగించగానే ఆరిపోతే రిఫ్లెక్టర్ షార్ట్ చేస్తోంది. వెంటనే సడలించి టేపు సరిచూడండి.

అసలు వెలగకపోతే ఎర్ర, నల్ల తీగలు తారుమారయ్యాయేమో, డ్రైవర్ అంచు పిల్‌కు సరిగా తగులుతోందో చూడండి. వెనుక మూత విప్పి సెల్లు అడుగునూ గొట్టం అంచునూ ఒక తీగతో కలిపినప్పుడు వెలిగితే తప్పు స్విచ్చిలో ఉంది.

అనుకున్న కరెంటులో సగమే వస్తుంటే సన్నని స్ప్రింగులు కారణం కావచ్చు. స్ప్రింగు రెండు చివరలనూ మెత్తటి సన్నని రాగి తీగతో కలిపి సోల్డర్ చేస్తే నిరోధం తగ్గుతుంది.

పది నిమిషాల పాటు పూర్తి వెలుగు మీద చేతిలో పట్టుకుని ఉండండి. ఒళ్లు క్రమంగా వేడెక్కితే వేడి సరైన దారిలోనే బయటికి వస్తోంది, చేయి పట్టలేనంత అయితే వెలుగు స్థాయి తగ్గించాలి. ఒళ్లు చల్లగా ఉండగానే ఒకటి రెండు నిమిషాల్లో వెలుగు పడిపోతే వేడి ఎల్‌ఈడీ దగ్గరే నిలిచిపోతోంది. అప్పుడు ఆర్పి, పూర్తిగా చల్లారాక తల విప్పి, పేస్టు ఎంత మేర పరుచుకుందో చూసి, పిల్ పైభాగాన్ని మళ్లీ చదును చేసి బిళ్లను తిరిగి అమర్చండి.